ట్రైనింగ్‌కి వెళ్లిన తాళంచెవి

పెద్దవాళ్లు ఇంకా పెరగాల్సి ఉందని ప్రభుత్వం గుర్తించింది.

ఈ సంగతిని పరిశ్రమల మంత్రిగారే స్వయంగా మైకు పట్టుకుని ప్రకటించారు. "పిల్లలు పెరగడానికి బడులున్నాయి. ధరలు పెరగడానికి బజారుంది. మరి పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు పెరగడానికి ఒక్క చోటైనా ఉందా?" అని నిలదీశారు. లేదు. అంతవరకూ మాలో ఎవరికీ తట్టనే లేదు. సిగ్గుపడి చప్పట్లు కొట్టాం. అక్కడికక్కడే రిబ్బన్ కత్తిరించి 'ఎదుగుదల వలయం' ప్రారంభించారు. సరిసమానమైన పెద్దలు నెలకోసారి ఒకచోట కూర్చుని, మనసు విప్పుకుని, ఒకరిని చూసి ఒకరు పెరుగుతారు. అదీ ఏర్పాటు.

వాళ్లు పెరగడం నేను కళ్లారా చూశాను. ఆ సమావేశ మందిరంలో నేను అటెండర్ని. కుర్చీలు వేస్తాను, నీళ్లు పోస్తాను, ఏసీ తగ్గించమంటే తగ్గిస్తాను. చూసింది చూసినట్టు చెప్పడం తప్ప ఇంకో విద్య రాదు.

కుర్చీలు గుండ్రంగా వేయమన్నారు. గుండ్రంగా కూర్చుంటే పెద్దా చిన్నా తేడా ఉండదట. వేశాను. ఏసీ గాలి నేరుగా తగిలే కుర్చీ ఒక్కటే ఉంది. "మీరు కూర్చోండి", "అబ్బే, మీరే కూర్చోండి" అంటూ ముగ్గురు ఒకేసారి అందులో కూర్చోబోయారు. కుర్చీ కాలు విరిగింది. ఇంకోటి తెచ్చాను.

వలయాన్ని నడపడానికి ఒక కోచ్ మేడమ్ వచ్చింది. మెత్తగా మాట్లాడుతుంది. ఆమె మాట వింటుంటే మనకేదో రోగం ఉందని, అది తగ్గకపోయినా ఫరవాలేదని అనిపిస్తుంది. మూడు నిబంధనలు చెప్పింది. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలే అడగాలి. గదిలో చెప్పిన మాట గది దాటకూడదు. చేతిలో గుండ్రాయి ఉన్నవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి.

"రాయి దేనికి మేడమ్?" అన్నాడు సిమెంటు కంపెనీ ఆయన.

"మాట బరువు తెలియడానికి."

ఆయన రాయిని అరచేతిలో ఎగరేసి చూశాడు. "పావుకిలో" అన్నాడు.

మొదట సబ్బుల కంపెనీ ఆయన రాయి పట్టుకున్నాడు. తన జోకులకి ఆఫీసులో అందరూ నవ్వుతారట. బాగున్నవాటికీ నవ్వుతారు, బాగులేనివాటికీ నవ్వుతారు. తనకి హాస్యం ఉందో లేదో ఈ జన్మలో తెలిసే దారి లేదట. అందరూ నిట్టూర్చారు. "ఆ నవ్వు విన్నప్పుడు మీకు ఒంట్లో ఎక్కడ బాధ?" అని కోచ్ మేడమ్ అడిగింది. మోకాళ్లలో అన్నాడు.

తర్వాత రాయి చొక్కాల ఫ్యాక్టరీ ఓనరు చేతికొచ్చింది. రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నా ఫ్యాక్టరీలో వెనక తలుపుకి తాళం వేయించాను" అన్నాడు. "ఎప్పుడో ఒక చొక్కా పోయిందని. లోపల రెండువందల నలభై మంది ఆడవాళ్లు కుడుతుంటారు. దూది, గుడ్డపీలికలు, వైర్లు. ఏ నిప్పో రాజుకుంటే... తలుచుకుంటే ముద్ద దిగదండీ."

భోరున ఏడ్చాడు.

నా చేతిలో జగ్గు ఒలికింది. ఆ రెండువందల నలభై మందిలో ఒకతె నా పెళ్లాం. కాలర్లు కుడుతుంది. వెనక తలుపు పక్కనుంచి మూడో మిషను. నీళ్లు సిమెంటాయన ఒళ్లో పడ్డాయి. ఆయన గమనించలేదు, ఆయనా ఏడుస్తున్నాడు.

"ఇదీ ధైర్యమంటే" అంది కోచ్ మేడమ్. అందరూ లేచి ఓనర్ని కావలించుకున్నారు. వెళ్లేటప్పుడు ఆయన మొహం కడిగిన పలకలా ఉంది.

ఇంటికెళ్లి నా భార్యకి చెప్పాను. గది దాటకూడని మాట. నేను రాయి పట్టుకోలేదు గనక నిబంధన నాకు వర్తించదనుకున్నాను.

"ఆ తలుపు సంగతి ఆయనకి తెలుసా?" అంది.

"తెలుసు. ఏడ్చాడు కూడా."

"ఏడిస్తే తాళం కరిగిందా?"

"లేదు. కానీ చాలా ఏడ్చాడే."

"ఏడ్చే మగాణ్ణి నమ్మొద్దని మా అమ్మ ఊరికే అనలేదు. ఒకే గదిలో ఉంటావు గదయ్యా, తీయించమని ఒక్క ముక్క అనలేవూ? నోట్లో ఏమన్నా కుక్కారా?"

మరుసటి నెల అన్నాను. ఓనరు మళ్లీ తలుపు గురించే చెబుతున్నాడు. గ్లాసు అందిస్తూ, "తాళం తీసేస్తే సరిపోతుందేమో సార్" అన్నాను.

తలలన్నీ నా వైపు తిరిగాయి. "కందకి లేని దురద కత్తిపీటకెందుకోయ్?" అన్నాడు సబ్బులాయన. కోచ్ మేడమ్ మాత్రం కోప్పడలేదు. చాలా ఓపిగ్గా చెప్పింది. "చూడు, నువ్వన్నది సలహా. సలహా ఇస్తే మనిషి ఎదగడు, తాళం తీసి ఊరుకుంటాడు. పైగా రాయి నీ చేతిలో లేదు." తర్వాత నా మాటని ప్రశ్నగా మార్చి ఓనర్ని అడిగింది. "తాళం అంటే మీకు ఏం గుర్తొస్తుంది?"

ఓనరు కళ్లు మూసుకున్నాడు. "మా నాన్న బీరువా" అన్నాడు.

ఈసారి సబ్బులాయన కూడా ఏడ్చాడు. అందరికీ నాన్నలున్నారు, అందరు నాన్నలకీ బీరువాలున్నాయి. ఇంత లోతు నుంచి వచ్చిన సమస్యని తాళం తీసి పాడుచేయబోయానే అని నేనూ కొంచెం సిగ్గుపడ్డాను. "వచ్చే నెల ఆ తాళంచెవిని మన మధ్యకి తీసుకురండి" అంది కోచ్ మేడమ్.

తెచ్చాడు. ఎర్రటి మఖమల్ పెట్టెలో పెట్టి తెచ్చాడు. గుండ్రాయిని తీసి కిటికీ దగ్గర పెట్టేశారు. ఇకనుంచి తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలని తీర్మానించారు. పెట్టెకి దుమ్ము పట్టకుండా చూసే బాధ్యత నాకు అప్పజెప్పారు. దాని కోసం వేరే బీరువా ఇచ్చారు. ఆ బీరువా తాళంచెవి మా హాలు మేనేజరు దగ్గర ఉంటుంది.

ఆ వారం నా భార్య ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే మొదలెట్టింది.

"ఇదివరకు ఎవరన్నా కళ్లు తిరిగి పడితే, కేకలేస్తే, పావుగంటకైనా వాచ్‌మన్ బాబాయ్ వచ్చి వెనక తలుపు తీసేవాడు. ఇవాళ కాజాలు కుట్టే వదిన పడిపోతే, చెవి లేదమ్మా అన్నాడు. ఏమైంది బాబాయ్ అంటే, ట్రైనింగ్‌కి వెళ్లిందట!"

"అవును. మా దగ్గరే ఉంది."

"ఎప్పుడొస్తుంది?"

"ఎదిగాక."

పళ్లెం నా ముందు పెట్టిన చప్పుడుకి పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

వలయంలో మాత్రం ఎదుగుదల జోరందుకుంది. చొక్కాలాయనకి వస్తున్న కౌగిలింతలు చూసి మిగతావాళ్లకి కుళ్లు పుట్టింది. ప్రతివాడూ తన కంపెనీలో చెప్పుకోదగ్గ తప్పు కోసం వెతకడం మొదలెట్టాడు. ఆస్పత్రులాయనకి రెండంతస్తుల మధ్య ఆగిపోయే లిఫ్టు దొరికింది. బాగుచేయవద్దని కబురుపెట్టి దాని గురించి రెండు నెలలు మాట్లాడాడు. సిమెంటాయనకి చాలా వెతికినా ఏమీ దొరకలేదు. కుంగిపోయాడు. ఫ్యాక్టరీలో సిమెంటు దుమ్ముని పీల్చేసే యంత్రాన్ని ఆపించి, మరుసటి నెల తలెత్తుకుని వచ్చాడు.

ఆరో నెల మంత్రిగారు అతిథిగా వచ్చారు. తాళంచెవి చేతికివ్వగానే నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో ముప్పై ఎనిమిది తన చిన్నతనం. చివరి రెండు నిమిషాల్లో గొంతు తగ్గించారు.

"ఆ ఫ్యాక్టరీలో తలుపులన్నీ తెరుచుకుంటున్నాయని మా తనిఖీ శాఖ కాగితం తెచ్చింది. చూడకుండా సంతకం పెట్టాను. ఆ సంతకం నన్ను వెంటాడుతోంది."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక మంత్రి ఇంత నగ్నంగా నిజం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఇంక పని అయిపోయినట్టేననుకుని, ఆయన బయటికి రాగానే వరండాలో అడ్డం వెళ్లాను.

"సార్, ఆ తలుపు..."

"ఏ తలుపు?"

"ఇందాక లోపల చెప్పారు కదా సార్. తాళం సంగతి మీకు తెలుసు..."

"లోపల తెలుసోయ్. ఇది వరండా."

"మళ్లీ లోపలికొస్తే చెప్పొచ్చా సార్?"

"లోపల సలహా ఇవ్వకూడదు కదా" అని నవ్వి నా భుజం తట్టారు. మంత్రిగారి చెయ్యి చాలా మెత్తగా ఉంటుంది.

వలయానికి ఏడాది నిండింది. ధైర్యంగా తప్పు చెప్పుకున్నందుకు చొక్కాల ఫ్యాక్టరీ ఓనరుకి 'సాహస నాయకుడు' అవార్డు ప్రకటించారు. మధ్యాహ్నం పన్నెండింటికి సభ. మా హాలు నిండిపోయింది. వేదిక మీద మంత్రిగారు, కోచ్ మేడమ్, తాళంచెవి చేతిలో పట్టుకుని ఓనరు. "ఈ తలుపు నన్ను మనిషిని చేసింది" అని మొదలుపెట్టాడు.

నా జేబులో ఫోను మోగింది. నా భార్య. దగ్గు, కేకలు.

"మోటారు కాలిందయ్యా! ముందు తలుపు వైపే మంట! చెవి పట్టుకురా, పరిగెత్తు!"

ఫ్యాక్టరీ మా హాలుకి రెండు వీధుల అవతల. నేను వేదిక మీదికి ఎక్కేశాను. "సార్! మీ ఫ్యాక్టరీలో పొగ!"

కోచ్ మేడమ్ పెదాల మీద వేలు పెట్టింది. నా చేతుల వైపు చూపించింది. ఖాళీగా ఉన్నాయి.

ఓనరు చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాను. అంతే, హాలంతా నిశ్శబ్దం. మంత్రిగారు తల పక్కకి వంచి వినడం మొదలుపెట్టారు. ఓనరు చేతులు కట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఇంతమంది అంత శ్రద్ధగా వినలేదు.

"ఫ్యాక్టరీ అంటుకుంది. లోపల ఆడవాళ్లున్నారు. నా పెళ్లాం ఉంది. తలుపు తీయాలి."

"పంచుకున్నందుకు థాంక్స్" అంది కోచ్ మేడమ్. "ఈ మాట చెబుతుంటే నీకు ఒంట్లో ఎక్కడ బాధ?"

వెనకనుంచి చప్పట్లు వినిపిస్తుండగా నేను పరుగెత్తాను.

వెనక వీధిలోకి వెళ్లేసరికి ఆడవాళ్లంతా రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. మొహాలు నల్లగా ఉన్నాయి. కాజాలు కుట్టే వదిన చెయ్యి విరిగింది. నా భార్య కళ్లు ఎర్రగా చేసుకుని కూర్చుంది. ఎదురుగా తలుపు ఉండాల్సిన చోట కన్నం ఉంది. తలుపు గడియతో, తాళంతో సహా కింద పడి ఉంది.

"బట్ట కత్తిరించే బల్ల ఎత్తి కొట్టాం" అంది. "పన్నెండుమంది పట్టుకున్నాం. నాలుగో దెబ్బకి ఊడింది. నీ చేతిలో ఏంటది?"

"తాళంచెవి."

దగ్గుతూనే నవ్వింది. "వచ్చిందా ట్రైనింగ్ నుంచి?"

మర్నాడు పేపర్లో అవార్డు ఫోటో పడింది. వలయం స్ఫూర్తి వల్లే తలుపు సకాలంలో తెరుచుకుందని మంత్రిగారు అన్నట్టు రాశారు.

తరువాతి సమావేశానికి చొక్కాలాయన దిగాలుగా వచ్చాడు. "నాకంటూ ఉన్న ఒక్క తప్పూ పోయింది. ఇంక మీ ముందు ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?" అన్నాడు. స్నేహితులంటే వాళ్లే. అంతా కలిసి ముందే ఆలోచించారు. ఫ్యాక్టరీకి అప్పటికే కొత్త తలుపు పెట్టించారు, ఈసారి ఇనుముది. సిమెంటాయన కుర్చీ కిందినుంచి ఒక పొట్లం తీశాడు. అందులో ఇత్తడి తాళం. నా పిడికిళ్లు రెండూ కలిపినంత ఉంది. దాని చెవి నీలం మఖమల్ పెట్టెలో ఉంది. ఓనరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంత్రిగారు ఇకనుంచి శాశ్వత సభ్యులు గనక ఆయనా కావలించుకున్నారు.

చెవి చేతిలోకి తీసుకున్నాక ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"కానీ ఒక కొత్త భయం. తలుపుకి తాళం వద్దంటూ ఆ ఆడవాళ్లు వారం నుంచి గేటు బయటే కూర్చుంటున్నారు. గుండ్రంగా. తలుపుతో పాటు ఊడిపడిన పాత తాళం చేతులు మారుతుంటుంది. అది పట్టుకున్న మనిషి మాట్లాడుతుంది, మిగతావాళ్లు వింటారు. రోజూ ఇంకొంతమంది చేరుతున్నారు. సబ్బుల ఫ్యాక్టరీ వాళ్లు కూడా వచ్చారు."

ఈ సంగతి నాకు తెలుసు. ఎవరు నేర్పారే అని ఆ పొద్దున నా భార్యని అడిగితే, "నువ్వే చెప్పావుగా, గుండ్రంగా కూర్చుంటే పెద్దా చిన్నా ఉండదని" అంది. నిబంధనలు కూడా మూడేనా అన్నాను. "ఒక్కటే. ఇక్కడ చెప్పిన మాట ఊరంతా చెప్పాలి. రేపు తాళం నీ చేతికిస్తాం, వచ్చి ఆ గదిలో విన్నదంతా చెప్పు" అంది.

గదిలో ఎవరూ ఏడవలేదు. ఎవరి నాన్నా గుర్తు రాలేదు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. "ఇంకా చూస్తూ కూర్చున్నారేంటయ్యా! గుంపు కట్టడం నేరం. రేపు తెల్లారేసరికి పోలీసుల్ని దింపి ఊడ్చిపారేయాలి" అన్నారు.

తాళంచెవి ఓనరు చేతిలోనే ఉంది. నేను కోచ్ మేడమ్ వైపు చూశాను. ఆమె పెన్ను మూత తీసింది.

"ఎన్ని వ్యాన్లు సార్?" అంది, మెత్తగా.

అది ప్రశ్నే. నిబంధన తప్పలేదు.