ఎడమవైపుకే విసిరే యంత్రం

రాత్రంతా సుపీరియర్ సరస్సు మీదుగా కొట్టుకొచ్చిన మంచు తెల్లవారేసరికి రేనో కంగస్ ఇంటి ముందు నడుంలోతున పేరుకుంది. దారి తెరిస్తే తప్ప గ్యాస్ బండి లోపలికి రాదు. ఇంట్లో ట్యాంకు అడుగంటింది. కాఫీ తాగి, తన పాత చిన్న ట్రాక్టరుకు కొత్తగా కొన్న, మంచును ఎత్తి దూరంగా విసిరే స్నో బ్లోయర్ తగిలించి, భోజనం వేళకల్లా దారంతా తెరిచెయ్యాలని రేనో అనుకున్నాడు.

కొనడం కొత్తే గానీ, యంత్రం కొత్తది కాదు. మంచును పక్కకు నెట్టే మామూలు బ్లేడు చాలని భార్య లెంపి మొదటినుంచీ అంటూనే ఉంది. దుకాణం వాడు ముందువైపు బిగించే బ్లోయర్ తీసుకోమన్నాడు. ధర విని రేనో వాడి మీద ఇంతెత్తున లేచి బయటికొచ్చేశాడు. చివరికి బావమరిది ఊర్హో ఎవరి కొట్టంలోంచో తుప్పుపట్టిన బ్లోయర్ ఒకటి ఇప్పించాడు. దాన్ని ట్రాక్టరు వెనక తగిలించి, మెడ తిప్పుకుని వెనక్కి నడపాలి.

"ఇంత చౌకగా ఎక్కడా దొరకదు బావా, కళ్ళకద్దుకో," అన్నాడు ఊర్హో. మంచును విసిరే గొట్టం ఎడమవైపుకు బిగుసుకుపోయిందని మాత్రం చెప్పలేదు.

ఆ సంగతి వంటింటి కిటికీ పగిలాక తెలిసింది. రోడ్డు నుంచి ఇంటివైపు నడుపుతుంటే మంచుగడ్డలు ఎగిరొచ్చి, లెంపి పిండి పిసుకుతున్న బల్ల మీద పడ్డాయి.

"బ్లేడు కొనుంటే ఈ మంచు బయటే ఉండేది," అంది లెంపి, జుట్టు దులుపుకుంటూ.

"బ్లేడు బ్లేడని ప్రాణం తియ్యకు. ఇటునుంచి నడిపితే ఎడమ అటుపక్కకి పోతుంది."

అన్నట్టే ఇంటి దగ్గర మొదలుపెట్టి రోడ్డువైపు నడిపాడు. అటుపక్క ఇంపి హైకినెన్ ఇల్లు. ఎవరి మంచు ఎవరి హద్దులో పడిందన్న గొడవతో ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఆమె ఆవిరిస్నానపు గది సరిగ్గా హద్దు పక్కనే ఉంది. దాని చిన్న కిటికీలోంచి ఇంపి పిడికిలి ఊపుతూ కనిపించింది. ఇంజను హోరులో ఏమీ వినబడలేదు. తిడుతోందనుకున్నాడు రేనో. ఒళ్ళు మండిపోయి, తనూ పిడికిలి ఊపి, ట్రాక్టరును ముందుకు తెచ్చి అదే చోట మళ్ళీ నడిపాడు.

లెంపి పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపేసింది. "ఆవిడ తిట్టట్లేదు రేనో. తలుపు పూడిపోయింది. బయటికి తియ్యమంటోంది."

రేనో కోపం అక్కడికక్కడే చల్లారిపోయి, దాని చోట భయం పట్టుకుంది. పార అందుకుని, ఊపిరి అందక రొప్పుతూ తవ్వాడు. ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది. ఉడికిన రొయ్యలా ఎర్రబారి, తువ్వాలు చుట్టుకుని ఇంపి బయటికొచ్చింది. ఇక పోలీసులే అనుకుని రేనో తలవంచుకున్నాడు.

ఆమె మాత్రం బ్లోయర్‌నే చూస్తోంది. "బాగా దూరం విసురుతోందే," అంది. "నువ్వు కొన్న ధరకే నాకిచ్చెయ్. షెరీఫ్‌కి ఫోన్ చెయ్యను."

సాయంత్రానికల్లా బ్లోయర్ ఇంపి ట్రాక్టరు వెనకకు చేరింది. రేనో బ్లేడు తెచ్చి దారి తెరిచాడు, గ్యాస్ బండీ వచ్చింది. పీడ వదిలిందని ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

మళ్ళీ మంచు పడిన ఉదయం ఇంపి రోడ్డు నుంచి తన ఇంటివైపు బ్లోయర్ నడిపింది. రేనో గుమ్మం సగానికి పూడిపోయింది. అతను బుసలు కొడుతూ బయటికొచ్చి, ఆ గొట్టం బాగుచేయించుకోమని అరిచాడు.

ఇంపి ఇంజను ఆపి శ్రద్ధగా విన్నది. బాగుచేయించే పనేమీ లేదనీ, అది సరైన వైపుకే తిరిగి ఉందనీ చెప్పింది.