మావగారి మారుమనస్సు

ఆ ఆదివారం ఉదయం ఏడున్నరకల్లా ఇంట్లోంచి బయల్దేరాలన్నది ఏర్పాటు. ఏడూ ఇరవై అయ్యేసరికి ఎమ్మెట్ స్టాలింగ్స్ ఇంటి వంటగదిలో వెన్న గురించి గొడవ జరుగుతోంది.

"జామ్ అంటిన కత్తి వెన్నలో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు ఎమ్మెట్.

"ఒక్క చిన్న మరక, ఎమ్మెట్ గారూ," అన్నాడు అల్లుడు డ్వైట్ ప్రూయిట్, టై ముడి సవరించుకుంటూ.

"రెండు. ఇటు వైపు ఇంకోటుంది."

ఎమ్మెట్ ముప్పై ఒక్క సంవత్సరాలు మిస్సోరీ రాష్ట్ర ప్రభుత్వంలో తూకాల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ధాన్యం గోదాముల త్రాసులు, మాంసం కొట్ల త్రాసులు ఊరూరా తిరిగి పరీక్షించడం ఆయన ఉద్యోగం. రెండు మరకల్ని ఒకటి అనడం ఆయన దృష్టిలో చిన్న విషయం కాదు. కూతురు నెల్డా చెంచాతో ఆ రెండు మరకల్నీ గీసి తీసేసి, భర్తను కారెక్కించింది.

డ్వైట్ ప్రసంగీకుడు. ప్రస్తుతానికి సంఘం లేని ప్రసంగీకుడు. పాత సంఘంతో పొసగక బయటికొచ్చాక మూడేళ్లుగా భార్యాభర్తలు ఆమె తండ్రి ఇంట్లోనే ఉంటున్నారు. ఆ రోజు నలభై మైళ్ల దూరంలోని సీడర్ ఫోర్క్ బాప్టిస్టు చర్చిలో డ్వైట్ పరీక్ష ప్రసంగం చేయాలి. నచ్చితే వచ్చే ఆదివారం సంఘమంతా ఓటు వేస్తుంది. ఓటులో నెగ్గితే పాస్టరు ఉద్యోగం, దానితోపాటు చర్చి పక్కనే పాస్టరు ఇల్లు. నెల్డా ఆ ఇంటిని ఒకసారి కిటికీలోంచి చూసింది. వంటగదిలో తూర్పు వైపు రెండు కిటికీలు, గోడంత పొడవు అల్మారా. నలభై నాలుగేళ్ల వయసులో తనదంటూ ఒక వంటగది కావాలనుకోవడం పాపం కాదని ఆమె నమ్మకం. ఎమ్మెట్ కూడా అల్లుడికి ఆ ఉద్యోగం రావాలనే కోరుకున్నాడు. ఆయనకు తన వెన్న తనకు కావాలి.

ప్రసంగం మొదటి ఇరవై నిమిషాలు చప్పగా సాగింది. మూడో వరుసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. డ్వైట్ అది గమనించాడు. పుస్తకం మూసి, గొంతు తగ్గించి, "నా సొంత ఇంట్లో ఒక పాపి ఉండేవాడు," అన్నాడు.

నెల్డా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

డ్వైట్ చెప్పిన ప్రకారం ఆ పాపి అతని మావగారు. ముప్పై ఏళ్లు తాగుడు. దేవుడి పేరెత్తితే బల్ల గుద్దే మనిషి. పుణ్యాత్మురాలైన భార్య మరణశయ్య మీద అల్లుడి చెయ్యి పట్టుకుని, "డ్వైట్, ఆయన్ని వదలకు నాయనా," అని కన్నుమూసింది. డ్వైట్ వదల్లేదు. మొన్న అక్టోబరులో ఒక సాయంత్రం ఆ ముసలాయన వంటింటి బల్ల దగ్గర తల వంచుకుని ఏడుస్తూ కనిపించాడు. డ్వైట్ పక్కన కూర్చుని ప్రార్థన చెప్పించాడు. ముసలాయన మోకాళ్ల మీద పడి, లేచి, సీసా సీసాగా సారా సింకులో ఒంపేశాడు.

చర్చిలో సగం మంది ముక్కులు చీదుకున్నారు. నెల్డాకు మాత్రం ఆ అక్టోబరు సాయంత్రం బాగా గుర్తుంది. ఎమ్మెట్ హార్స్‌రాడిష్ తురుముతున్నాడు. ఉల్లిపాయకు పదింతలు ఘాటున్న గడ్డ అది. తురిమే మనిషి ఏడవకుండా ఉండడం జరగని పని. ఆ ఏడుపులో డ్వైట్ పక్కన చేరి పావుగంట వాక్యం చదివి, "ప్రభువును అంగీకరిస్తున్నారా?" అని అడిగాడు. కళ్లు తెరవలేక, చేతులు ఖాళీ లేక, "సరే బాబూ, అలాగే, ఆ తువ్వాలు ఇలా ఇయ్యి," అన్నాడు ఎమ్మెట్. డ్వైట్ ఆ తేదీని, రక్షణ పొందినవాళ్ల లెక్క రాసే కార్డు మీద రాసుకున్నాడు. అతని తరహా ప్రసంగీకుల్లో ఎవరైనా తల వంచి, ఔనన్న మాట అంటే చాలు, లెక్కలో చేరినట్టే. సింకులో ఒంపింది, తురుము నానబెట్టగా మిగిలిన వెనిగర్.

ఇంటికొచ్చే దారిలో నెల్డా ఒక్కటే అడిగింది. "మా అమ్మ నీ చెయ్యి ఎప్పుడు పట్టుకుంది?"

"ఆవిడ మనసులో ఉన్నది అదే కదా."

"నువ్వు ఆ రోజు జాప్లిన్‌లో మీటింగులో ఉన్నావు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అమ్మ చివరిగా, ఆరేసిన బట్టలు తీశావా, వాన వచ్చేలా ఉంది అంది."

"అది చెప్తే రక్షణ కోసం ఎవరు వేదిక ముందుకొస్తారు, నెల్డా?" అన్నాడు డ్వైట్ నిజంగానే అర్థంకాక.

 నెల్డాకు ఆ వంటగది తూర్పు కిటికీలు గుర్తొచ్చాయి.

బుధవారం సీడర్ ఫోర్క్ నుంచి ఫోను. చర్చి పెద్ద, డీకన్ బర్ల్ టకెట్ భార్య ఓపల్. ఫోనెత్తింది ఎమ్మెట్. రక్షణ పొందినందుకు ఆమె ఆయన్ని మనసారా అభినందించింది. ఆయన అల్లుడి ప్రసంగం మొత్తం చెప్పమన్నాడు. పెన్సిలూ కాగితమూ తీసుకుని, ఆమె చెబుతుంటే రాసుకున్నాడు. ఆదివారం ఓటు కాగానే కొత్త పాస్టరు చేతుల మీదుగా మొదటి బాప్తిస్మం ఆయనదేనట. ఆడవాళ్లు తెల్ల అంగీ కుడుతున్నారు. భుజాల కొలత కావాలట. ఎమ్మెట్ కొలత చెప్పలేదు కానీ, అడిగిన తీరుకు ఆమెను మెచ్చుకున్నాడు. అంగుళాల్లో అడిగింది.

గురువారానికి కథ నలభై మైళ్లు నడిచి ఆయన ఊరికి వచ్చేసింది. పశువుల దాణా అమ్మే ఫీడ్ స్టోర్‌లో కాఫీ తాగే పాత మిత్రులు ఆయన్ని చూడగానే మాటలు ఆపేశారు. వాళ్లలో ఒకడు మెల్లగా దగ్గరికొచ్చి, ఇన్నేళ్లూ తెలియకుండా ఎలా తాగావు, మాకెప్పుడూ వాసన రాలేదే అని అడిగాడు. అందులో నింద కంటే మెచ్చుకోలే ఎక్కువ. శుక్రవారం మందుల షాపువాడు దగ్గు మందు ఇవ్వడానికి వెనకాడాడు. అందులో కాస్త మత్తు ఉంటుందని, ఈ దశలో మంచిది కాదని జాలిగా చెప్పాడు. ఎమ్మెట్ దగ్గుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం డ్వైట్ ముందు కాగితం పెట్టాడు. ప్రసంగంలో చెప్పిన తొమ్మిది అంశాలు, వరస నంబర్లతో.

డ్వైట్ కంగారుపడలేదు. కథకు కాస్త కండ పట్టాలన్నాడు. మా గురువుగారు బ్రదర్ హస్కిన్స్ తన తమ్ముడు రైల్లో మారుమనస్సు పొందాడని చెప్పేవారు, సముద్రం దగ్గరి ఊళ్లలో ఓడలో అని చెప్పేవారు అన్నాడు.

"ఇద్దరు తమ్ముళ్లా?" అన్నాడు ఎమ్మెట్.

"ఆయనకి తమ్ముళ్లే లేరు," అంది నెల్డా స్టవ్ దగ్గర్నుంచి. "వాళ్లావిడే నాతో చెప్పింది."

"ఆ తమ్ముడి కథ విని ఒక్క రాత్రిలో పదకొండుమంది ముందుకొచ్చారు," అన్నాడు డ్వైట్ గౌరవంగా.

నెల్డా ఇన్నేళ్లలో ఎంతమంది ప్రసంగీకులకు భోజనం పెట్టిందో లెక్కేసుకుంది. ప్రతివాడికీ ఒక నాస్తికుడైన చుట్టం ఉంటాడు. వాడు చావబోయే ముందు తప్పకుండా ఏడుస్తాడు. ఆ చుట్టాల్లో ఏ ఒక్కడూ భోజనానికి వెంట రాడు. తన తండ్రి ఒక్కడికే ఆ దురదృష్టం, బతికుండి, పిలిస్తే వచ్చేంత దగ్గరలో ఉన్నాడు.

ఆదివారం నోరెత్తకుండా కూర్చుంటే చాలని డ్వైట్ బతిమాలాడు. "వస్తాను. ఎవరూ అడక్కపోతే మాట్లాడను. అడిగితే ఉన్నది చెప్తాను," అన్నాడు ఎమ్మెట్. సీడర్ ఫోర్క్ వాళ్లు అడగకుండా ఉండే జాతి కాదని ముగ్గురికీ తెలుసు.

ఓటుకు ముందే బర్ల్ టకెట్ లేచి, సోదరుడు స్టాలింగ్స్ సాక్ష్యం చెప్పాలన్నాడు. వేదిక వెనక బాప్తిస్మపు తొట్టిలో నీళ్లు కాగి ఆవిరి వస్తోంది. ఎమ్మెట్ లేచి, కళ్లజోడు పెట్టుకుని, కాగితం విప్పాడు. తాను జీవితంలో తాగలేదన్నాడు. ఎడమ మోకాలిలో ఆపరేషన్ చేసి వేసిన ఇనుప మేకు ఉంది కనుక మోకరించడం సాధ్యం కాదన్నాడు. ఆ కన్నీళ్లు హార్స్‌రాడిష్ వల్ల వచ్చాయన్నాడు. ఆ రోజూ దేవుణ్ణి నమ్మలేదని, ఈ రోజూ నమ్మడం లేదని, పిలిచినందుకు కృతజ్ఞుణ్ణని చెప్పాడు. మిగతావీ కలిపి ఎనిమిది అయ్యాయి. భార్య చివరి మాట గురించిన తొమ్మిదో అంశం దగ్గర ఆగాడు. ఆ గదిలో తాను లేడు కనుక దాని గురించి చెప్పగలిగింది తన కూతురొక్కతే అని నెల్డా వైపు చూశాడు.

చర్చి మొత్తం నెల్డా వైపు చూసింది. ఆమె ఒడిలోని చేతి సంచి పట్టుకుని కూర్చుంది. లేచి రెండు మాటలు అంటే చాలు. ఆ రెండు మాటల ఖరీదు ఒక ఇల్లు. ఆమె లేవలేదు.

 డ్వైట్ ముఖం తెల్లబడింది. అప్పుడు బర్ల్ టకెట్ తడి కళ్లతో లేచాడు.

"రెండొందల మంది ముందు నిలబడి నేనింకా అర్హుణ్ణి కానని ఒప్పుకోవాలంటే ఎంత దీనత్వం ఉండాలి? రక్షణ లేని మనిషి వల్ల అవుతుందా ఇది?" అన్నాడు.

"ఆమెన్," అన్నారు వెనక వరుసల్లో.

"నేను చెప్పింది అది కాదు," అన్నాడు ఎమ్మెట్.

"ఆమెన్," అన్నారు ఈసారి అందరూ.

ఆయన కాగితం మళ్లీ మొదటి నుంచి చదవబోయాడు. ఆడవాళ్లు ఏడ్చేశారు. ఓటు ఏకగ్రీవం. అంగీ వేసుకోనంటే, తొందరేమీ లేదన్నారు. నీళ్లు మాత్రం సాయంత్రం దాకా వెచ్చగానే ఉంచారు.

మధ్యాహ్నం టకెట్ దంపతులు పాస్టరు ఇంటి తాళంచెవి తీసుకుని భోజనానికి ఎమ్మెట్ ఇంటికే వచ్చారు. నెల్డా వేయించిన కోడి, ఉడికించిన బంగాళాదుంపలు బల్ల మీద పెట్టింది. ఓపల్ ఒక పొట్లం విప్పింది. ఆడవాళ్లంతా కలిసి నాలుగు రోజుల్లో గుడ్డ మీద కుట్టిన పటం. చుట్టూ నీలం పువ్వులు, మధ్యలో అక్షరాలు. 'డ్వైట్, ఆయన్ని వదలకు నాయనా.' కింద నెల్డా తల్లి పేరు, చనిపోయిన తేదీ.

"కొత్త వంటింట్లో, ఆ రెండు కిటికీల మధ్య పెట్టుకో అమ్మా. మేకు కూడా కొట్టేశాం," అంది ఓపల్.

డ్వైట్ అప్పటికే బర్ల్‌కు చెబుతున్నాడు, కాగితం చదువుతున్నప్పుడు మావగారి చేతులు ఎలా వణికాయో, మోకాళ్లు ఎలా వంగబోయాయో. వచ్చే వారం ప్రసంగం అదేనట.

నెల్డా అందరికీ వడ్డించడం పూర్తిచేసి, కూర్చుని, తాళంచెవిని భర్త పళ్లెం పక్కకు జరిపింది.

"నువ్వు వెళ్లు, డ్వైట్. నేను ఇక్కడే ఉంటాను. మా అమ్మ అన్న మాట వేరు. పొద్దున లేచి చెప్పాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. ఇక ఆదివారాలు నేను చర్చికి రాను. నీదనే కాదు, ఏ చర్చికీ. ఈ కథల్లో ఏది నిజమో విడదీసే ఓపిక నాకు అయిపోయింది."

ఓపల్ చేతిలో పటం అలాగే ఉంది. బర్ల్ కోడికాలు కింద పెట్టాడు. డ్వైట్ నోరు తెరిచి, ఎవరూ ముందుకు రాని సభను చూసినట్టు బల్ల చుట్టూ చూశాడు.

"ఇక్కడే ఉండు," అన్నాడు ఎమ్మెట్ కూతురితో, బంగాళాదుంపల గిన్నె ఆమె వైపు జరుపుతూ.

డ్వైట్ ఇరవై ఏళ్ల సేవలో సాక్షుల ఎదుట రుజువైన మారుమనస్సు నెల్డాది ఒక్కటే.