పెద్దులు తాత తల ఊపితే

"సంగీతం లేనిదే సమాజం లేదు! సమాజం లేనిదే సమితి లేదు! సమితి లేనిదే అధ్యక్షుడు లేడు!"

మహబూబ్‌నగర్‌లోని నాదలహరి సంగీత సమితి అధ్యక్షులు కమలాకర్ గారికి ఈ మాటలు పలికినప్పుడల్లా మూడో వాక్యం దగ్గర గొంతు పూడుకుపోయేది. ఆయన లేని లోకాన్ని తలుచుకుంటే మరి ఆయనకైనా దుఃఖం రాదా!

తొమ్మిదో తరగతి చదివే ప్రవళిక ఈ మాటలు విన్నది ఇంటర్న్‌షిప్ మొదటిరోజున. పిల్లలకు లోకజ్ఞానం రావాలని బడివాళ్లు ఆ ఏడు పెట్టిన కొత్త ముచ్చట అది. తలా ఒకచోటికి పోయి, పని ఎట్లా జరుగుతుందో చూసి రావాలి. ఆమె జతగత్తె సుస్మిత పండ్లు పీకే దవాఖాన ఎంచుకుంది. ప్రవళిక ఏరికోరి సంగీత సమితికి వచ్చింది. కారణం ఒక్కటే. అక్కడ అద్దాల బీరువాలో ఒక వయొలిన్ ఉంది. దాన్ని ఒక్కసారి భుజానికి ఆనించుకుని తీగ మీద కమాను లాగాలన్నది ఆ పిల్ల ఆశ. అంతకు మించి ఏమీ లేదు.

"సార్, వయొలిన్ ఎప్పుడు నేర్పిస్తరు?" అని అడిగింది.

కమలాకర్ గారు నెత్తిన పిడుగు పడ్డట్టు చూశారు.

"సంగీతం నేర్సుకోనీకె వచ్చినవా? అమ్మా, గిది సంగీత సమితి!"

"మరి గీడ ఏం నేర్పుతరు సార్?"

"సేవ!"

సేవ అంటే శాలువాలు మడతపెట్టడం. పూలదండల మీద నీళ్లు చల్లడం. అద్దాల బీరువా తుడవడం, అదీ బయటినుంచే. లోపలి వయొలిన్‌ను ముట్టుకునే అధికారం సమితిలో ఎవరికీ లేదు. దసరానాడు కమలాకర్ గారు స్వయంగా తలుపు తీసి, కండ్లు మూసుకుని, వేలికొసతో కుంకుమ పెడతారట. ఆ వేలిని సాయంత్రం దాకా కడగరట!

ఇంటికి పోయే బస్సులో సుస్మిత అడిగేది.

"ఇయ్యాల మా సారు ఒకాయనకు బాగున్న పన్ను పీకిండే! నువ్వేం నేర్సుకున్నవ్?"

"జ్యోతి ఎలిగియ్యకపోయినా, ఫోటో తీసేదాక అగ్గిపుల్ల పట్టుకొని నవ్వాలె."

"పాటెప్పుడు పాడుతరే?"

"సమితిల ఎవ్వరు పాడరు. అందరు కలిసి పాటను కాపాడుతరు!"

ఆ శనివారం సమితి హాలులో కచేరీ. నీళ్ల సీసాలు అందిస్తూ వేదిక పక్కన నిలబడ్డ ప్రవళికకు ఒక వింత కనపడింది. హాలంతా ఒక్కసారిగా తలలూపుతోంది, ఒక్కసారిగా "ఆహా!" అంటోంది. గాలికి జొన్నచేను ఊగినట్టుగా ఉంది. కానీ ఒక్కరి చూపూ పాడే ఆమె మీద లేదు! జనం కమలాకర్ గారి తలకాయ చూస్తున్నారు. కమలాకర్ గారు ఓరకంట కార్యదర్శి విజేందర్ తలకాయ చూస్తున్నారు. విజేందర్ రెప్ప వేయకుండా ముందు వరుసలో తలకు పెద్ద రుమాలు చుట్టుకుని కూర్చున్న పెద్దులు తాత తలకాయ చూస్తున్నాడు. ఆ రుమాలు ఊగితే పాలమూరు సంగీతలోకం ఊగుతుంది!

కచేరీ అయ్యాక ప్రవళిక భయభక్తులతో తాత దగ్గరికి పోయింది.

"తాతా, గింత సంగీతం యాడ నేర్సినవే?"

"ఆఁ?"

చెవిలో నోరు పెట్టి అరిచింది.

"సంగీతమా? నా చెవులు వోయి ఏండ్లాయె బిడ్డా! ఎండకాలం ఒకనాడు ఏసీ సల్లగుంటదని గీడ గూసున్న. పట్నపు సారు ఒకాయన పాడుకుంట పాడుకుంట నాకు దండం వెట్టిండు. గప్పటిసంది నా కోసం ఆటో పంపుతున్రు. ఆఖరుకు వడలు వెడుతున్రు. వద్దంటనా?"

"మరి తల ఊపుతవు గద?"

"నేనూపుతనా! ముసలితనం, దానంతటదే ఊగుతది. మొన్న అంగట్ల ఉత్తగనే బర్రె బేరం జూస్తా నిలవడ్డ. నేను సరేనన్ననుకొని అమ్మేటాయన బర్రె పలుపు నా చేతికి కట్టి పోయిండు!"

ప్రవళిక నవ్వాపుకోలేక శాలువాల గదిలోకి పరుగెత్తింది.

ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజున సమితి వార్షికోత్సవం. హైదరాబాదు నుంచి పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు వచ్చాడు. హాలు నిండింది. అప్పుడే ఆటో దిగిన పెద్దులు తాతను చూసి కమలాకర్ గారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. రుమాలు కదలడం లేదు!

"తాతా! తలకాయకేమాయె?" అని చెవిలో అరిచారు.

"నిలవడ్డది! చౌటుప్పల్ల మా బిడ్డ డాక్టరుకు సూపెట్టింది. గోలీలు మంచిగ పనిజేసినయి."

"ఎంత పని జేసిన్రు!" అని విజేందర్ నెత్తి కొట్టుకున్నాడు. "తాతా, గా గోలీలు ఒక్కపూట బంద్ వెడితే..."

"ఆఁ?" అన్నాడు తాత. ఈసారి నిజంగా వినపడకనో, వినపడో చెప్పడం కష్టం.

కమలాకర్ గారు ప్రవళికను మూలకు పిలిచారు.

"బిడ్డా, ముంగట కుర్సీల గూసో. నువ్వు తల ఊపు."

"ఎప్పుడూపాలె సార్?"

"గది నాకెట్ల ఎరుక? నువ్వూపితే విజేందర్ ఊపుతడు. ఆయనూపితే నేనూపుత."

ప్రవళిక అదను చూసి అడిగింది. "నాకు వయొలిన్ ముట్టుకోనిస్తరా సార్?"

"సభ గట్టెక్కియ్యి. బీరువ తాళంచెవి నీ చేతిల వెడత!"

ముందు కుర్చీలో ఆ పిల్ల కూర్చుంది. విద్వాంసుడు కమాను ఎత్తాడు. ఎవరి తలకాయ చూద్దామా అంటే, చూడటానికి తన ముందు తలకాయే లేదు! చేసేదేం లేక వింది. విన్నదా, ఇంక అంతే. తీగ మీద కమాను నడుస్తుంటే ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తల ఊపాలన్న మాటే మరిచిపోయింది. ఆమె ఊపలేదు గనుక విజేందర్ ఊపలేదు. విజేందర్ ఊపలేదు గనుక కమలాకర్ గారు ఊపలేదు. వాళ్లను చూసి హాలు హాలంతా రాతిబొమ్మలైంది. దగ్గు వచ్చినవాళ్లు దగ్గును కూడా మింగేశారు!

విద్వాంసుడు ముగించి, లేచి, చేతులు జోడించాడు.

"ఇంత నిశ్శబ్దంగా విన్న సభను నా జన్మలో చూడలేదు!"

కమలాకర్ గారు ఒక్క గెంతులో మైకు అందుకున్నారు. "నిశ్శబ్దమే మా సమితి మూల సిద్ధాంతం!"

ప్రవళిక వేదికెక్కి చెయ్యి చాచింది. "సార్, తాళంచెవి."

"దేనికమ్మా?" అన్నాడు విద్వాంసుడు.

"బీరువల వయొలిన్ ఉన్నది సార్. ముట్టుకోనిస్తమన్నరు."

"తెప్పించండి! నేనే శ్రుతి చేసి ఈ పాప చేతిలో పెడతాను."

కమలాకర్ గారికి చలిజ్వరం పట్టుకుంది. మంచిరోజు కాదన్నారు. తాళంచెవి పోయిందన్నారు. అది ఆయన జంధ్యానికే వేలాడుతోంది! బీరువా వేదిక మీదికి వచ్చింది, తలుపు తెరుచుకుంది. విద్వాంసుడు వయొలిన్ బరువుగా ఉంటుందనుకుని రెండు చేతులా బలంగా ఎత్తాడు. అది దూదిపింజ లెక్క పైకి లేచి, ఫ్యానుకు తగిలి, పటపట ముక్కలైంది. తెల్లటి పూసలు వచ్చి ఆయన పట్టులాల్చీకి అంటుకున్నాయి.

థర్మాకోల్!

"జూన్ రెండు తెలంగాణ ఆవిర్భావ ఊరేగింపు బండి మీద పెట్టనీకె చేయించినం సార్..." అని విజేందర్ గొణిగాడు. "ఫోటోల మంచిగ వచ్చింది. గట్లనే ఉంచినం."

విద్వాంసుడు ఆ పూసలను చూశాడు. కుంకుమబొట్టు ఉన్న ముక్కను చూశాడు. దిగులుగా తల అటూ ఇటూ ఊపాడు.

తల ఊగింది! సాయంత్రం నుంచి ఎదురుచూస్తున్న సభ ఊరుకుంటుందా? "ఆహా! ఆహా!" అంటూ హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఏం చేయాలో తోచక కమలాకర్ గారు విద్వాంసునికి ఇంకో శాలువా కప్పారు.

చప్పట్లు కొట్టనిది ప్రవళిక ఒక్కతే. ఆమె చూపు విద్వాంసుని సొంత వయొలిన్ మీద ఉంది.

"సార్, గది జర పట్టుకోనా?"

ఆయన వయొలిన్ ఆమె భుజానికి ఆనించి, కమాను చేతికిచ్చాడు. ప్రవళిక తీగ మీద లాగింది.

కిర్ర్‌ర్ర్‌ర్!

చమురు లేని బండిచక్రం సిగ్గుపడేటంత చప్పుడు! ఎవరి తలకాయ చూడాలో తెలియక సభ గుడ్లప్పగించింది.

ముందు వరుసలోంచి పెద్దులు తాత దిగ్గున లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"బిడ్డా! గిది నాక్కూడ వినవడ్డదే! ఇంకోపారి గుంజు!"