ఆర్విల్ బాగానే ఉన్నాడు

ఆ ఉదయం ఆర్విల్ పెట్టుకున్న పని ఒక్కటే: పాలు పితుకుతూ సాయంత్రం సభలో చెప్పాల్సిన నాలుగు ముక్కలూ బట్టీ పట్టడం. పెళ్లీ పిల్లలూ లేని ముసలి రైతు నెల్స్ పోతూ పోతూ తన పొలమంతా మా కౌంటీ జనానికి రాసిపోయాడు. ఇక్కడి కష్టానికి ఇక్కడి సొమ్మే ఆసరా కావాలని ఆయన కోరిక. వీలునామా ప్రకారం ఇవాళ్టి లోగా ఊరివాళ్లు ఇరవై మంది సంతకాలు పెట్టి సహాయ సంస్థను మొదలుపెట్టకపోతే ఆస్తంతా నగరంలోని పెద్ద సంస్థ పాలవుతుంది. జనాన్ని ఒప్పించే భారం నెల్స్ ఆర్విల్ మీద పెట్టి వెళ్లాడు.

"నా జన్మలో ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. ఈ బరువు ఒక్కడు మొయ్యలేడు" అని ఆయన ఆవులకు చెబుతుండగా, పొరుగింటి వెర్నా కొట్టం తలుపు దగ్గరే ఆగిపోయింది. మా మిన్నెసోటాలో ఇంటి పైకప్పు ఎగిరిపోయినవాడు కూడా పలకరిస్తే బాగానే ఉన్నానంటాడు. అలాంటిది ఒక మనిషి నోరు తెరిచి, అదీ ఆవుల్ని, సాయం అడిగాడంటే ఇక ఆ ఇల్లు మునిగినట్టే.

మధ్యాహ్నానికి వెర్నా హాట్ డిష్ పట్టుకుని వచ్చింది. బంగాళాదుంపలూ మాంసమూ కలిపి కాల్చిన ఆ గిన్నె గుమ్మంలోకి వచ్చిందంటే ఆ ఇంట్లో చావో, అప్పో, జబ్బో ఉన్నట్టు.

"ఎలా ఉన్నావు, ఆర్విల్?"

"బాగానే ఉన్నాను."

వెర్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత ఘోరమా," అంది.

నిజంగానే బాగున్నానని ఆయన గట్టిగా చెప్పాడు. దాంతో ఆమెకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఆయన భార్య లవోన్ సభకు కాఫీ కాయడానికి చర్చికి వెళ్లింది. ఆమె కారు కనబడకపోయేసరికి, మొగుణ్ణి వదిలేసిందని ఊరంతా పాకింది. అప్పుల కింద ఆవులు వేలంలో పోకుండా దాచిపెడతానని ఒకడు ట్రైలర్ తోలుకొచ్చాడు. గిన్నెలు బల్ల నిండి మెట్ల మీదికెక్కాయి. దారంతా కార్లతో నిండిపోయి ఆర్విల్ బండి బయటికి కదల్లేదు.

"సభకు వేళవుతోంది వెర్నా, దారివ్వమను."

"నీకింత కష్టమొస్తే సభేంటయ్యా? అందరికీ ఫోన్లు చేసి వద్దని చెప్పేశాను."

ఆర్విల్ కుర్చీలో కూలబడ్డాడు. నెల్స్ తనను నమ్మి వెళ్లాడన్న దిగులు ఆయన్ని నిజంగానే పట్టుకుంది.

చీకటి పడుతుండగా, ఖాళీ చర్చిలో కూర్చుని విసిగిపోయిన నెల్స్ లాయరూ లవోనూ వచ్చారు. లాయరు గిన్నెలు జరిపి కాగితాలు పరిచాడు. ఒక్కరూ కలం అందుకోలేదు. ఆర్విల్ ఈ స్థితిలో ఉంటే సంస్థల సంబరం ఏమిటని అందరూ తలలు దించుకున్నారు.

పొద్దుట్నుంచీ నిజమే చెబుతూ వచ్చిన ఆర్విల్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను బాగాలేను," అన్నాడు. "నాకు సాయం కావాలి."

అంతే, కలాల కోసం తోపులాట మొదలైంది. సంతకాలు కాగితం వెనక్కి కూడా పాకాయి.

ఆ సంస్థ ఇప్పుడు దివ్యంగా నడుస్తోంది. మొదటి సాయం ఏటా ఆర్విల్‌కే వెళ్తోంది. తాను బాగానే ఉన్నానని ఆయన ఉత్తరం రాసినప్పుడల్లా ఇంకొంచెం పెంచుతున్నారు.