పెద్దాయన పడిపోయిన ఉదయం

ఆ ఉదయానికి లైబ్రేరియన్ వేసుకున్న ప్రణాళిక ఒక చీటీ మీద అయిదు పంక్తులలో ఇమిడింది. తొమ్మిదింటికి ఫలహారం, తొమ్మిదిన్నరకు మామగారికి మందులు, పదింటికి కంప్యూటరు తెరిచి పట్టికలు సరిచూసుకోవడం, పదిన్నర నుంచి మౌనం, పదకొండింటికి మౌఖిక పరీక్ష. ముప్పై ఏళ్ళు కళాశాల గ్రంథాలయంలో పుస్తకాలకు నంబర్లు వేసి పదవీ విరమణ చేసిన ఆమె, పుస్తకాల వర్గీకరణ మీద తొమ్మిదేళ్ళు రాసిన సిద్ధాంత గ్రంథం గురించి ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ముగ్గురు పరీక్షకులకు జవాబు చెప్పుకోవాలి. వారిలో పెద్ద పరీక్షకుడు మర్నాటి నుంచి దీర్ఘకాలపు సెలవులో వెళుతున్నాడు. ఈ రోజు తప్పితే మళ్ళీ ఏడాదికి.

ఆ అయిదు పంక్తులలో భర్త ఎక్కడా లేడు. అనర్థమంతా అక్కడే మొదలైంది.

లెక్చరరుగారు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పరీక్ష మొదలుకాగానే ఇస్త్రీ చొక్కాతో భార్య వెనక నిలబడి, పరీక్షకులకు ఒక నమస్కారం పెట్టి, సందు దొరికితే తన పరిశోధనాభిరుచి గురించి రెండు ముక్కలు మాట్లాడి తప్పుకోవాలని ఆయన రహస్య సంకల్పం. ఇది ఆమెకు తరువాత తెలిసిన సంగతి. తొమ్మిదీ నలభైకి ఆయన తన గది తలుపు దగ్గరగా వేసుకుని, తెల్లచొక్కా పరిచి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టారు. దాని తీగకు మూడు చోట్ల ఆయన స్వహస్తాలతో చుట్టిన టేపు ఉంది. స్విచ్చి నొక్కిన మరుక్షణం ఇంట్లో సగం కరెంటు పోయింది. అయినా రెండు సంఘటనలు ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ముప్పై ఏళ్ళు పిల్లలకు బోధించిన మనిషి ఆయన. ఇస్త్రీపెట్టెను అలాగే వదిలేసి, ఉత్సాహంగా బయటికి వచ్చారు.

వంటగదిలో ఫ్రిజ్ హాయిగా గురక పెడుతోంది. కంప్యూటరు గదిలోనూ, హాల్లోనూ, రెండు పడకగదుల్లోనూ ఫ్యాన్లు నిలిచిపోయాయి. ఇంటర్నెట్ పెట్టె కళ్ళు మూసుకుంది.

"ఏమండీ, ఎలక్ట్రీషియన్ని పిలవనా?"

"ముప్పై ఏళ్ళు కరెంటు చెప్పినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఎలక్ట్రీషియనేమిటోయ్?"

"మీరు చెప్పారండీ. వాడు వేస్తాడు."

ఆయన ఆ మాట వినిపించుకోకుండా స్విచ్చుల బోర్డు తెరిచారు. ఆ బోర్డు గురించి ఇక్కడ కొంత చెప్పాలి. ఇల్లు కట్టినప్పుడు, ఏ స్విచ్చి దేనిదో అందరికీ గుర్తుండాలని ఆయన వాటికి బంధువుల పేర్లు పెట్టి చీటీలు అంటించారు. వంటగది స్విచ్చి ‘అత్తయ్య’. అందరికన్నా ముందు లేస్తుంది గనుక. గీజరుది ‘బావమరిది’, ఉన్న కాసేపట్లో మొత్తం లాగేస్తాడు గనుక. ఇంటి ఎడమ సగానికంతటికీ కాపలాగా ఉండి, తీగల్లో ఏ కాస్త తేడా వచ్చినా తటాలున పడిపోయే పెద్ద స్విచ్చికి ‘పెద్దాయన’ అని పేరు. చిన్న మాటకు అలిగి మంచమెక్కే తన తండ్రినే మనసులో పెట్టుకున్నారు. ఆ తండ్రిని కూడా వీధి వీధంతా పెద్దాయన అనే పిలుస్తుంది.

"ఒకే పేరు ఇద్దరికి పెడితే వెతికేవాళ్ళు తప్పు చోటికి వెళ్తారండీ" అని ఆమె ఆనాడే చెప్పింది. ఆయన నవ్వారు. ఆమె సిద్ధాంత గ్రంథంలోని నాలుగో అధ్యాయం ఆ నవ్వులోంచి పుట్టింది.

ఇప్పుడు పెద్దాయన పడి ఉన్నాడు. లెక్చరరుగారు లేపారు. టప్పున పడ్డాడు. మళ్ళీ లేపారు. మళ్ళీ పడ్డాడు.

"ఎడమవైపున్న ఏదో ఒక వస్తువు కరెంటు కారుస్తోంది. శాస్త్రీయంగా పోదాం. ముందు జాబితా రాయి" అన్నారు. గదిగదికీ తిరిగి శాశ్వతంగా ఉండే వస్తువులన్నీ చెప్పారు, ఆమె రాసింది. పదిహేడయ్యాయి. ఒక్కొక్కటే ప్లగ్గు తీయడం, పెద్దాయన్ను లేపడం, ఆయన పడిపోవడం. ఇలా పదిహేడు సార్లు. ఇస్త్రీపెట్టె అప్పుడప్పుడు వాడేది కాబట్టి జాబితాకు ఎక్కలేదు. జాబితాలో లేనిది లెక్చరరుగారి దృష్టిలో ఇంట్లోనే లేదు.

"పోనీ, వంటగది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి కంప్యూటరుకి పెడదామండీ. తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు."

"దాన్ని అప్పుడే విప్పేశానుగా!" అన్నారాయన, దొంగను పట్టించినవాడిలా. "దాని మీద కూడా నాకు అనుమానమే." బల్ల మీద అది పదకొండు ముక్కలుగా ఉంది.

పదీ పావుకు ఆమె ఓపిక అడుగంటింది. ఆ బోర్డు బిగించిన పాత ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసింది. అతనికి ఈ పేర్లన్నీ కంఠస్థం. "లక్షణాలు నేను చెప్తాను, నీకు సరిగ్గా చెప్పడం రాదు" అని లెక్చరరుగారు ఫోను లాక్కుని బాల్కనీలోకి నడిచారు. పాఠం చెప్పే గొంతు ఆయనది. చివరి బల్ల దాకా వినిపిస్తుంది. ఎదుటి బాల్కనీలో, ముప్పై అయిదేళ్ళు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసినావిడ మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"పెద్దాయన పడిపోయాడయ్యా! ఎన్నిసార్లు లేపినా నిలబడట్లేదు... ఆఁ, ఎడమవైపు మొత్తం పోయింది. కుడివైపు బాగానే ఉంది... అలా వదిలేసి గంట చూడమంటావా? గంట ఆగినా నష్టం లేదంటే సరే... పాతబడిపోయాడులే! కుదరకపోతే పీకేసి కొత్తది పెట్టేద్దాం!"

నీళ్ళ చెంబు హెడ్ నర్సు చేతిలోంచి జారి కింది వీధిలో పడింది. పక్షవాతం వచ్చిన తండ్రిని గంటసేపు చూద్దామంటున్న కొడుకును ఆమె వృత్తి జీవితంలో ఎన్నడూ చూడలేదు. అంబులెన్సుకు ఫోను చేసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టకుండానే వీధి దాటింది.

"వదినగారూ, అడ్డం లేవండి!" అంటూ లైబ్రేరియన్‌ను పక్కకు నెట్టి, తిన్నగా మామగారి గదిలోకి దూసుకెళ్ళింది. మామగారు మందులు వేసుకుని కునుకు తీస్తున్నారు. పళ్ళసెట్టు గ్లాసులో ఉంది. చెవిమిషను చార్జింగు అయిపోయి సొరుగులో ఉంది. దిండుకు ఆనించిన వైపు మూతి సహజంగానే కాస్త వంగి ఉంది.

"పెద్దాయనా! నవ్వండి! ఒక్కసారి నవ్వండి!"

కళ్ళు తెరిచేసరికి, పూలకుండీల నీళ్ళు వీధిలో పడుతున్నాయన్నందుకు పోయిన వారమే తనతో తగవులాడిన మనిషి మొహం మీద మొహం పెట్టి కనిపించింది. ఆయన నవ్వలేదు.

"నవ్వలేకపోతున్నారు!"

"ఆయన ఎప్పుడూ నవ్వరండీ" అన్నది కోడలు.

"ఎడమ చెయ్యెత్తండి!"

ఆ చెయ్యి మీదే గంట నుంచి పడుకుని ఉండటం వల్ల అది తిమ్మిరెక్కి లేవలేదు. పదీ ముప్పై అయిదుకు అంబులెన్సు మనుషులిద్దరు స్ట్రెచరుతో వచ్చారు. మౌనం పాటించవలసిన వేళకు ఇంట్లో ఆరుగురున్నారు. అందరికన్నా గట్టిగా లెక్చరరుగారే మాట్లాడుతున్నారు.

"పెద్దాయన అంటే ఈ పెద్దాయన కాదండీ! నేను చెప్పిన పెద్దాయన గోడలో ఉన్నాడు!"

హెడ్ నర్సు ఆయన వైపు కొత్తగా చూసింది. "గోడలోనా, మేష్టారూ?"

"గోడలోనే! అత్తయ్య పక్కన! పొద్దుటి నుంచి పదిహేడు సార్లు లేపాను! బావమరిదిని కూడా తీసి చూశాను!"

అంబులెన్సు మనిషి చాలా మృదువుగా ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. ఆ స్థితిలో ఎవరికైనా ఎంత ఉంటుందో ఆయనకూ అంతే ఉంది, అంటే చాలా ఎక్కువగా.

"తండ్రికి కాదు, కొడుక్కి!" అన్నది హెడ్ నర్సు. "మాట ఎలా తడబడుతోందో చూశారా? ఎత్తండి!"

"ఏమోయ్, చెప్పవేమిటి వీళ్ళకి!" అని ఆయన స్ట్రెచరు మీది నుంచి కేకపెట్టారు.

లైబ్రేరియన్ గడియారం చూసింది. పదీ నలభై ఎనిమిది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు. నిజం చెప్పడానికి వ్యవధి లేదు. "ఎలాగూ ఏడాదికోసారి చూపించుకోమన్నారుగా, చూపించుకుని రండి" అన్నది. తోడుగా హెడ్ నర్సే వెళ్ళింది. తలుపు మూసుకుంది.

చీకటి తెర ముందు ఆమె కూర్చుంది. తొమ్మిదేళ్ళు. నాలుగు వందల ముప్పై రెండు పుటలు. పది నిమిషాలు. ఏడుపు కూడా రాలేదు.

"అమ్మాయ్!" మామగారు చెవిమిషను పట్టుకుని కొడుకు గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. "దీనికి చార్జింగు పెట్టాలి. నా గదిలో కరెంటు లేదు. ఇక్కడ వాడేదో పెట్టుకుంటే పీకి పారేసి నాది పెట్టాను. ఇక్కడా లేదు!"

తిరిగి విసుక్కోబోయి ఆమె ఆగింది. జీవితమంతా నంబరు లేని పుస్తకాల కోసం వెతికిన మనిషి ఆమె.

"ఏదో అంటే ఏది, మామగారూ?" అని ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. ఆయన వేలు చూపారు. తెల్లచొక్కా మీద, మూడు చోట్ల టేపుతో, పద్దెనిమిదో వస్తువు.

ఆమె బోర్డు దగ్గరికి పరుగెత్తి పెద్దాయన్ను లేపింది. ఆయన లేచాడు. నిలబడ్డాడు. హాల్లో ఫ్యాను తిరిగింది. చెవిమిషను పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. పదకొండుకు ఒక నిమిషం ఉండగా తెర మీద ముగ్గురు పరీక్షకులు కనిపించారు. వెనక ఎవరూ లేరు.

పెద్ద పరీక్షకుడు గ్రంథాన్ని బరువు చూస్తున్నట్టు ఎత్తి దించి, మొదటి ప్రశ్న వేశాడు. "నాలుగో అధ్యాయమంతా ఒకే పేరు రెండింటికి పెట్టకూడదనే గొడవేనమ్మా. పెడితే ఏమవుతుంది? మహా అయితే పుస్తకం దొరకదు. అంతేగా?"

"అంతే కాదండీ" అన్నది లైబ్రేరియన్. "అంబులెన్సు వస్తుంది."

తరువాత జరిగినదంతా తేదీతో, వేళలతో, కారణం ముందు, ఫలితం వెనక వచ్చేలా వివరించింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రెండో ఆయన తెర లోంచి కాసేపు మాయమయ్యాడు. మిగిలిన ప్రశ్నలు ఎవరికీ గుర్తు రాలేదు. పట్టాకు సిఫారసు చేస్తున్నామని పదకొండూ నలభైకి చెప్పారు.

లెక్చరరుగారు మధ్యాహ్నం రెండున్నరకు, ఏ రోగమూ లేదన్న కాగితంతో, బనీనుతో ఇల్లు చేరారు. హాల్లో ఫ్యాను చూసి గుమ్మంలోనే ఆగారు.

"ఎవరు బాగుచేశారు? ఎలక్ట్రీషియనా?"

"పెద్దాయన."

ఏ పెద్దాయన అని అడగబోయి, హెడ్ నర్సు ఇంకా వెనకే ఉన్నదని గుర్తొచ్చి ఆయన నోరు మూసుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె బోర్డు మీది చుట్టాలందరినీ గీకేసి, ‘ఎడమ సగం’, ‘వంటగది’, ‘గీజరు’ అని రాసి అంటించింది. తరువాత పొద్దుటి జాబితా తీసి, ‘ముఖ్యమైన పని ఉన్నప్పుడు ముందుగా ఆపవలసినవి’ అని శీర్షిక పెట్టి, పద్దెనిమిదో వస్తువుగా ఇస్త్రీపెట్టెను, పంతొమ్మిదో వస్తువుగా భర్తను చేర్చింది.