చెడిపోని గడ్డి మెషిన్

రిటైరైన పోలీసులు ఇకపై ఒంటరిగా బాధపడనక్కర్లేదనీ, ఆ బాధలో ప్రభుత్వం కూడా పాలుపంచుకుంటుందనీ పోలీసు మంత్రి గ్రెగరీ వాట్‌మోర్ గారు కూరాబిన్ ఊరి క్లబ్బులో ప్రకటించారు. నలభై మంది చప్పట్లు కొట్టారు. సాసేజ్‌లు ఫ్రీ.

ముందు వరసలో కూర్చున్న మాజీ సార్జెంటు లోర్నా పాస్కోకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఈ పథకం పుట్టింది ఆమె మూలానే.

కెవ్ మల్డూన్ ఒకప్పుడు ఆమె కింద కానిస్టేబుల్. హైవే మీద ఒక యాక్సిడెంటు చూసి వచ్చాక ఉద్యోగం మానేసి తలుపేసుకున్నాడు. ఎవరు పలకరించినా లోపల్నుంచే "బాగానే ఉన్నా" అంటాడు. ఇరవై ఏళ్ళు జనాన్ని ప్రశ్నలడిగినవాడు తనని అడిగితే చెబుతాడా?

అందుకే లోర్నా ఏమీ అడగదు. ప్రతి బుధవారం తన గడ్డి కోసే మెషిన్‌ని తనే చెడగొట్టి, గురువారం అతని ఇంటికి తోసుకెళ్తుంది. వెనక మెట్ల మీద కూర్చుని అతను బాగుచేస్తాడు. చేస్తూ చేస్తూ ఎప్పుడో ఒక మాట అంటాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె పదకొండు నెలలుగా స్పార్క్ ప్లగ్గులు పాడుచేస్తోంది.

ఈ సంగతి ఎవరి నోటో సగమే విని మంత్రిగారు చలించిపోయారు, పథకం పెట్టేశారు. క్లబ్బులో చప్పట్లు ఆగగానే ఆమెనీ ఫొటోగ్రాఫర్‌నీ వేదిక మీదికి పిలిచారు.

"పాడైన మెషిన్‌తో ఎంత అవస్థ పడ్డావమ్మా! ఇదిగో కొత్తది, బ్యాటరీది. ఐదేళ్ళదాకా చెడిపోదు."

"చెడిపోకపోతే ఎలాగండీ?" అంది లోర్నా కంగారుగా.

"గ్యారంటీ నాది!" అన్నారు మంత్రిగారు. పాత మెషిన్‌ని ఆయన మనుషులే తుక్కులోకి పట్టుకుపోయారు.

ఆ గురువారం కెవ్ తలుపు జానెడు తెరిచాడు.

"ఏమైంది సార్జ్ దీనికి?"

"ఏం కాలేదు."

"అయితే బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నా." తలుపు పడింది.

మరుసటి వారం లోర్నా మెషిన్‌లో ఇసుక పోసింది. తిరిగింది. వానలో వదిలేసింది. ఇంకా హుషారుగా తిరిగింది. మూడో గురువారం కెవ్ ఇంటి కర్టెన్ కూడా కదల్లేదు. ఆమెకి భయం వేసి పథకం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది.

"మెషిన్ చెడిపోవడం లేదండీ!"

"థాంక్యూ మేడమ్. మీ అభినందన మంత్రిగారికి అందజేస్తాం."

నాలుగో బుధవారం ఆమె మెషిన్‌ని ఊరి వాగులోకి తోసింది. గురువారం పైకి లాగి, నాచు వేలాడుతుండగానే కెవ్ గుమ్మం ముందు నిలబెట్టింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కెవ్ గడ్డం మాసిపోయి ఉంది. మెషిన్‌నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"ఏమైంది సార్జ్?"

"ఏమోనయ్యా, దానంతటదే ఆగిపోయింది."

అతను నాచులోంచి ఒక చిన్న రొయ్యని తీసి పక్కన పెట్టాడు. "కొత్తవాటితో ఇదే గొడవ. విప్పితే గ్యారంటీ పోతుంది మరి."

"పోనీయవయ్యా."

మెట్ల మీద కూర్చుని విప్పసాగాడు. సగం స్క్రూలు వచ్చాక, తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ హైవే పాపకి ఈ నెలతో పదేళ్ళు నిండేవి సార్జ్."

లోర్నా వచ్చి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఆమె కళ్ళు తడిశాయి.

లోపల రేడియోలో మంత్రిగారు మాట్లాడుతున్నారు. నెల రోజుల్లో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట, రిటైరైన పోలీసులంతా కోలుకున్నారట, కనుక పథకాన్ని ఇంతటితో విజయవంతంగా ముగిస్తున్నారట.

కెవ్ లేచి వెళ్ళి రేడియో కట్టేసి వచ్చాడు.

"ఆ స్క్రూలు అందుకోండి సార్జ్. ఇది వచ్చే గురువారానికి కూడా తెమిలేలా లేదు."