అక్కా అనేస్తే ఫ్యామిలీ సినిమా

ప్రేమికులను అక్కాచెల్లెళ్ళుగా మార్చేసే డబ్బింగ్ సినిమాలకు ఏటా ఒక అవార్డు ఇవ్వాలి! నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను.

ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు ప్రేమించుకున్నారని తెరమీద చూపిస్తే ఏమవుతుంది? ప్రేక్షకుడు కుర్చీలోంచి జారిపడతాడు. తల్లులు పిల్లల కళ్ళు మూస్తారు. అదే హీరో వందమందిని నరికితే? చిప్స్ నములుతూ కుటుంబసమేతంగా హాయిగా చూడొచ్చు. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళ సంగతంటారా? వాళ్ళకు సినిమాల్లో ఏనాడో న్యాయం జరిగింది. నడుము తిప్పుకుంటూ వస్తారు, హీరో చేత చెంపదెబ్బ తింటారు, వెళ్ళిపోతారు. ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

మా చెల్లెలు డబ్బింగ్ ఆర్టిస్టు. ఈమధ్య ఒక పరాయిభాషా చిత్రంలో రొట్టెల దుకాణం నడిపే ఆమెకు గొంతిచ్చింది. కథలో ఆ రొట్టెలామె, ఊళ్ళో ఉత్తరాలు పంచే ఆమెను ప్రాణంగా ప్రేమిస్తుంది. సినిమా కొన్న పెద్దమనిషి స్టూడియోకొచ్చి, "ఫ్యామిలీలు చూడాలమ్మా, 'అక్కా' అనెయ్" అన్నాడు. ఒక్క మాటతో ఎంత శుభ్రం! ముద్దు వచ్చిన ప్రతిచోటా కత్తెర వేసి, కాగుతున్న పాలు చూపించారు. సినిమాలో చాలా పాలు కాగాయి.

విడుదల రోజున అమ్మ, నేను, చెల్లెలు వెళ్ళాం. చెల్లెలితో ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటున్న ఫిజియోథెరపిస్టూ వచ్చింది. ఈవిడను మా బంధువులంతా 'రూమ్మేట్' అంటారు. ఇదీ డబ్బింగే, కాకపోతే ఉచితం!

ఇంటర్వెల్‌లో అమ్మ కళ్ళు తుడుచుకుంది. "అక్కాచెల్లెళ్ళేమిటే వీళ్ళు? నేనూ మీ పెద్దమ్మా ఏనాడైనా అలా చూసుకున్నామా? దువ్వెన కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం!"

చెల్లెలు తల వంచుకుంది. "అలా చెబితేనే ఫ్యామిలీలు చూస్తాయటమ్మా."

"మరి మనమేమిటే? ఫ్యామిలీ కాదా?" అంటూ అమ్మ తన పాప్‌కార్న్ డబ్బా తీసి ఫిజియోథెరపిస్టు ఒళ్ళో పెట్టింది. "నువ్వు తినమ్మా. మా పిల్ల ఎప్పటికి నోరు విప్పుతుందో ఏమో!"

ఆమె ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేకపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

సినిమా చివరికొచ్చింది. తెరమీద రొట్టెలామె మోకాలి మీద కూర్చుని ఉంగరం పట్టుకున్న చెయ్యి చాపింది. స్పీకర్లలో చెల్లెలి గొంతు మోగింది: "అక్కా, నీ ఉంగరం దొరికింది!"

హాలంతా తెల్లబోయింది. పోయిన ఉంగరం దొరికితే ఈ అక్క ఎందుకలా వెక్కివెక్కి ఏడుస్తోంది?

అప్పుడు నా పక్క సీట్లోంచి అదే గొంతు, ఈసారి స్పీకర్లు లేకుండా వినిపించింది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

చెల్లెలు తెరవైపు చూడడం లేదు.

"ఊఁ" అంది ఫిజియోథెరపిస్టు.

ముందు వరసలో పెళ్ళాం పిల్లలతో వచ్చిన ఒకాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. అయిపోయింది, ఇక గొడవే అనుకున్నాను.

"హమ్మయ్య, ఇప్పటికి అర్థమైంది!" అన్నాడాయన. "మొదట్నించీ ఇలాగే చెప్పి ఉంటే ఈ సినిమావాళ్ళ సొమ్మేం పోయిందండీ?"